ఫ్యాన్ల కింద ఉల్లిగడ్డలు

మంగవ్వ మధురానగర్‌లో మెస్ నడిపేది. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్చుకోవడానికి వచ్చిన హాస్టల్ పిల్లలు రెండు పూటలా ఆమె దగ్గరే తినేవారు. మెస్ వెనక ఖాళీ ప్లాటు ఉంది. యజమానిని అడిగి, 1999 డిసెంబరులో ఆమె అందులో ఉల్లినారు నాటింది.

అది రెండోసారి. అంతకుముందు ఏడాది పీకిన గడ్డల్ని సరిగా ఆరకముందే గోనెసంచుల్లో కుక్కింది. నెల తిరక్కుండా సంచుల అడుగున నీరు కారింది. అన్నీ పారబోయడానికి భర్త రాజనర్సయ్యే సంచులు మోశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఈసారి తొందరపడలేదు. ఏప్రిల్‌లో ఆకులు వాలాక నీళ్లు ఆపింది. వారం తర్వాత గడ్డలు పీకి, ఎండకు మాడకుండా వాటి ఆకులే వాటిమీద కప్పి, ప్లాటులో వరుసలుగా పరిచింది. ఆకులు గడ్డను కలిసే చోట మెడలు పూర్తిగా ఆరాలంటే ఇంకో పది రోజులైనా పడుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఖైరతాబాద్ వైపు ఆకాశం నల్లబడింది. రాజనర్సయ్య పంజాగుట్టలో వాచ్‌మన్ డ్యూటీలో ఉన్నాడు. మెస్‌లో పెడదామంటే ఎప్పుడూ గంజి ఆవిరే. మంగవ్వ మెట్లెక్కి పై అంతస్తుకు పరుగెత్తింది. భీమవరం నుంచి వచ్చిన వివేక్ అక్కడ కంప్యూటర్ క్లాసులు నడుపుతున్నాడు. బ్యాచ్ అయిపోయి పెద్ద గది ఖాళీగా ఉంది.

“సారు, మీ పెద్ద రూము జర ఇయ్యున్రి. వానొస్తుంది, నా ఉల్లిగడ్డలు తడుస్తయి.”

“ఏంటి మంగవ్వగారూ, క్లాస్‌రూములో ఉల్లిపాయలా? పది రోజుల్లో కొత్త బ్యాచ్. ఆ వాసనకి ఒక్కరైనా చేరతారా?”

“తొమ్మిది రోజులు సాలు సారు. ఫ్యాన్లు తిరిగితే మెడలు ఆరిపోతయి. నిరుడు మొత్తం పారబోసిన. గీసారి సుత పోతే మల్ల నాటబుద్ధి గాదు నాకు.”

వివేక్ కిటికీలోంచి కిందికి చూశాడు. వరుసల మీద దుమ్ము లేస్తోంది. చొక్కా చేతులు మడిచి, పక్క గదిలోని విద్యార్థుల్ని పిలిచాడు.

బుట్టల్లో, దుప్పట్లలో, అన్నం వార్చే పెద్ద గిన్నెల్లో గడ్డలు మెట్లెక్కాయి. ఆఖరి బుట్ట గది గుమ్మం దాటుతుండగా వాన దంచి కొట్టింది.

గంట తర్వాత రాజనర్సయ్య తడిసి ముద్దై వచ్చాడు. పంజాగుట్ట చౌరస్తాలో ఎక్కిన బస్సు కదలకపోతే దిగి పరుగెత్తుకొచ్చాడట. ప్లాటంతా నీళ్లు.

“గడ్డలేవే?”

“పైన ఫ్యాన్ల కింద పండుకున్నయి.”

వెళ్లి చూశాడు. ఆరు ఫ్యాన్ల కింద, పాత పేపర్ల మీద, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచిన ఉల్లిగడ్డలు. తడి బట్టలతోనే బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. మంగవ్వకూ నవ్వాగలేదు. పక్క గదిలో పాఠం చెబుతున్న వివేక్ తలుపు దగ్గరికొచ్చి, వాళ్లను చూసి తానూ నవ్వి వెళ్లిపోయాడు.

రోజూ పొద్దున ఆమె గడ్డల్ని అటూఇటూ తిప్పేది. తొమ్మిదో రోజు ఒక్కో మెడా వేళ్లతో నొక్కింది. ఎక్కడా తడి తగల్లేదు. పై పొర కాగితంలా గలగలలాడింది. అంగుళం మెడ వదిలి ఆకులు కోసింది. మెడ లావుగా ఉన్నవి ఎక్కువ రోజులు నిలవవని, ముందుగా వండేయడానికి పక్కన పెట్టింది. మిగిలినవి గాలాడే వల సంచుల్లోకి ఎత్తి, ఇంట్లో దూలానికి వేలాడదీశారు.

“దసరా దాక ఫికర్ లేదు పో,” అన్నాడు రాజనర్సయ్య.

మంగవ్వ గది ఊడ్చి తాళంచెవి వివేక్‌కు ఇచ్చింది. ఇంటికొచ్చి చాప మీద నడుం వాల్చింది. ఆమె లేచేసరికి చీకటి పడింది. మెస్‌లో రాజనర్సయ్య వడ్డించగా హాస్టల్ పిల్లలు తిని ఎప్పుడో వెళ్లిపోయారు.