మందుకు కొసరు

నేను ఒక కొలత మూతను. దగ్గు మందు సీసా నెత్తిన బోర్లా కూర్చుని వచ్చే చిన్న ప్లాస్టిక్ గిన్నెను. నా ఒంటి మీద సన్నని గీతలుంటాయి, గీతల పక్కన అంకెలుంటాయి. అవే నా ఆస్తి, అవే నా చదువు. అవి చెరిగిపోతే నాకూ పగిలిన గాజుపెంకుకూ తేడా లేదు.

మనుషుల గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బేరంలో దాపరికం నాకు గిట్టదు. కొలత పేరు చెప్పి ఇంత గొడవపడి, కొలతను ఇంత చులకన చేసే జాతిని నేను మరొకదాన్ని చూడలేదు. పెట్రోలు బంకులో సున్నా కనబడందే పైపు ముట్టనివ్వరు. పాలవాడి గిద్దె అడుగున సొట్ట ఉందేమోనని తిరగేసి చూస్తారు. బంగారం కొట్టులోనైతే తక్కెడ దగ్గర ఫ్యాను కూడా ఆపించేస్తారు, గాలికి తూకం మారుతుందట! అదే మనిషి ఇంటికొచ్చి దగ్గు మందు సీసా మూతి నోట్లో పెట్టుకుని గుటుక్కుమంటాడు. తులం బంగారానికి ఇచ్చిన మర్యాద తన కాలేయానికి ఇవ్వడు.

నా పుట్టుక గురించి గొప్పలేమీ లేవు. ఒక కార్ఖానాలో వేడి ప్లాస్టిక్ అచ్చులోకి దిగితే నేను బయటికొచ్చాను. నాతో పుట్టినవాళ్లలో గీత వెంట్రుకవాసి ఎగువకు జరిగినవాళ్లను అక్కడికక్కడే ఏరి పారేశారు. ఆ కట్టుదిట్టం చూసి, నేను చాలా జాగ్రత్త గల లోకంలోకి వెళ్తున్నానని మురిసిపోయాను. ఆ తర్వాత నన్ను సీసాకు తగిలించి, సీసాకు ఒక కాగితం అంటించారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదు, మగత కలిగిస్తుంది, వాహనం నడపరాదు, రెండు మోతాదుల మధ్య ఎంత వ్యవధి ఉండాలి, అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. చీమ కాళ్లంత అక్షరాలు. రాసినవాడు తన పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాడు. చదవాల్సినవాడు అట్ట మీది తేనెచుక్క బొమ్మ చూసి తృప్తిపడ్డాడు.

అలా తుని బజారులో ఒక మందుల షాపుకు చేరాను. అక్కడ నన్ను కొన్నది తటవర్తి రాజగోపాల గుప్త, వీధి మలుపులో కిరాణా కొట్టు యజమాని.

"ఎవరికండీ?" అని షాపువాడు మాట వరసకు అడిగాడు.

"ఇంట్లోకి" అన్నాడు గుప్త.

ఇంట్లోకి! కందిపప్పా, చింతపండా? దగ్గు వచ్చినవాడి వయసేమిటి, వేరే ఏం మందులు వాడుతున్నాడు, రక్తపోటు ఉందా? ఒక్క ప్రశ్న లేదు. ఆవకాయ జాడీని కొన్నట్టు కొన్నాడు, అమ్మినవాడూ అలాగే అమ్మాడు. ఇద్దరూ వ్యాపారస్తులే, ఏం లాభం.

గుప్తకు జలుబు పట్టి ఉంది. ఇంటికి రాగానే నన్ను తీసి గట్టు మీద పెట్టి, సీసా ఎత్తి రెండు గుక్కలు లాగాడు. పొద్దున వేసుకున్న జలుబు బిళ్లలోనూ అదే మగత మందు ఉందని ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు. ఆ మధ్యాహ్నం స్కూటరు మీద బెల్లం మండీకి బయల్దేరి, దారిలో కునికి, గోలీ సోడా బండిని గుద్దాడు. మోకాలు గీసుకుపోయింది. "ఎండ దెబ్బ" అన్నాడు ఇంటికొచ్చి. అది వానాకాలం.

ఇక ఆయన తల్లి మాణిక్యాంబ గురించి చెప్పాలి. ఆ కొట్టుకు అసలు యజమాని ఆవిడే. గద్దె మీద కూర్చుని కళ్లతోనే సరుకు తూచగలదు. తూకంలో మోసం లేదని ఊరంతా పేరు. ఆ పేరు తెచ్చింది తూకం కాదు, కొసరు. సరుకు తూచి, తక్కెడ అంకె నిలిచాక, ఆవిడ చెయ్యి ఆగదు. ఇంకో గుప్పెడు వేరుశనగలు, ఇంకో చిన్న బెల్లం ముక్క పైన పడాల్సిందే. "కొసరు పడని బేరం ఎంగిలి పడని విస్తరి" అంటుంది. ఆ గుప్పెడు కోసం జనం రెండు వీధులు దాటి వస్తారు. ఆ గుప్పెడు ఖరీదు ధరలో ముందే కలిపి ఉంటుందని వాళ్లకు తట్టదు. వ్యాపారం దాకా ఆ తెలివిని నేను మెచ్చుకుంటాను. కానీ ఆ చేతికి బెల్లానికీ మందుకూ తేడా తెలియలేదు.

మనవరాలు హన్వికకు మూడో ఏడు ఇంకా నిండలేదు. దానికి జలుబు చేసింది. ముక్కు కారుతూ, దగ్గుతూ, అయినా కొట్టంతా తిరుగుతూ శనగ బస్తాలో చేతులు పెడుతోంది. కోడలు ప్రసూన మందుల షాపు నుంచి పిల్లల జలుబు చుక్కలు తెప్పించి, పొద్దున్నే పోసింది. అత్తకు చెప్పలేదు. చెబితే "మా కాలంలో ఈ చుక్కలూ బిక్కలూ ఉన్నాయా?" అని దెప్పుతుందని. మధ్యాహ్నం పిల్ల మళ్లీ దగ్గితే మాణిక్యాంబ నన్ను తీసింది. కోడలికి చెప్పలేదు. చెబితే "అది పెద్దవాళ్ల మందు అత్తయ్యగారూ" అని తనకు పాఠం చెబుతుందని. ఒకే వంటింట్లో తిరిగే ఇద్దరు ఆడవాళ్లు, ఒకే పిల్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు, ఒకరి మాట ఒకరు పడలేక పిల్ల కడుపును గోదాము చేశారు.

ఆవిడ గీత దాకా పోసింది. చక్కగా, కంటికి ఎదురుగా పట్టుకుని మరీ పోసింది. ఆ క్షణం నేను గర్వపడ్డాను కూడా. తర్వాత అలవాటుగా సీసా మళ్లీ వంగింది.

"తీపి!" అంది పిల్ల నాలుక చప్పరించి.

"తియ్యగా ఉందా నా తల్లికి? ఊరికే పోతుందా మరి, మామ్మ పోసిన మందు!"

కాసేపటికి దగ్గు మళ్లీ వచ్చింది. వ్యవధి అన్న మాట కాగితం మీద ఉంది, ఆవిడ కళ్లజోడు గద్దె మీద ఉంది. "ఆనలేదు" అనుకుని మళ్లీ పోసింది. ఈసారి గీత కేసి చూడను కూడా లేదు.

పిల్ల నిద్రపోయింది. మాణిక్యాంబ గొప్పగా కోడలిని పిలిచింది.

"చూశావుటే ప్రసూనా? దగ్గు ఎక్కడికి పోయిందో! చేతి చలవంటే అది."

ప్రసూన పాలు పట్టుకుని పిల్లను లేపబోయింది. పిల్ల లేవలేదు. చెయ్యి ఎత్తి వదిలితే చెయ్యి పడిపోయింది. కనురెప్పలు సగం విప్పి మళ్లీ మూసుకుంది. ఊపిరి మెల్లగా, ఆగి ఆగి వస్తున్నట్టు ఉంది.

"అత్తయ్యగారూ, దీనికేం పోశారు?"

"మందేనే, దగ్గు మందు..."

ప్రసూన ఇంకో మాట అడగలేదు. పిల్లను భుజాన వేసుకుని, దగ్గు మందు సీసా, నన్ను, చుక్కల సీసా అన్నీ కొంగులో మూటగట్టి ఆటో ఎక్కింది. ఆ ఇంట్లో ఆ రోజు తెలివిగా జరిగిన పని అదొక్కటే. వెనకే మాణిక్యాంబ, చెప్పులు లేకుండా.

పిల్లల డాక్టరు ఇమ్మాన్యుయేల్ పిల్ల కాలి వేలికి ఏదో క్లిప్పు తగిలించి, గుండె విని, కళ్లలో దీపం వేసి చూశాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"ఎంత పోశారు?"

"గీత దాకానే బాబూ" అంది మాణిక్యాంబ తడుముకోకుండా. "ఒక్కసారే. తటవర్తి వారి చేతిలో కొలత తప్పడమన్నది లేదు. తునిలో ఎవరినైనా అడగండి."

నాకు అసహ్యం వేసింది. అటు పిల్ల ఊపిరి లెక్కపెడుతున్నారు, ఇటు ఈవిడ కొట్టు పరువు లెక్కపెట్టుకుంటోంది. డాక్టరుకు కావలసింది ఒక్కటే: ఎంత లోపలికి పోయిందన్నది. దాన్ని బట్టి పిల్లను ఎంత జాగ్రత్తగా, ఎంతసేపు కనిపెట్టాలో, పెద్దాసుపత్రికి పంపాలో అక్కర్లేదో తేలుతుంది. ఆ నిజం నాకు తెలుసు. నాకు నోరు లేదు. నోరున్నది అబద్ధమాడుతోంది.

డాక్టరు వాదించలేదు. నర్సు చేత నన్ను కడిగించి, గ్లాసెడు నీళ్లు తెప్పించాడు.

"ఎలా పోశారో ఒక్కసారి చూపించండమ్మా."

మాణిక్యాంబ నన్ను కంటికి ఎదురుగా పట్టుకుంది. నీళ్లు పోసింది. గీత దగ్గర సరిగ్గా ఆగింది. ఆగి డాక్టరు వైపు చూసింది, చూశావా అన్నట్టు. అలా చూస్తూ ఉండగానే చెయ్యి తన పని తాను చేసింది. గ్లాసు మళ్లీ వంగింది. నీళ్లు గీత దాటి, అంచు దాకా వచ్చి, ఆవిడ వేళ్ల మీదుగా కారాయి.

 ఆవిడ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"రెండుసార్లు పోశాను బాబూ" అంది చివరికి. గొంతు గద్దె మీది గొంతు కాదు. "రెండోసారి ఇంకా ఎక్కువే. నా మాట నమ్మకండి. ఎక్కువే అనుకుని చూడండి."

"పొద్దున నేను కూడా చుక్కలు పోశాను" అంది ప్రసూన నేల చూస్తూ.

డాక్టరు రెండు సీసాల మీది అక్షరాలూ చదివాడు. "రెండింట్లోనూ ఒకటే మగత మందమ్మా. పేర్లు వేరు, సరుకు ఒకటి. అసలు గీత దాకా పోసినా తప్పే. ఈ వయసుకి ఇందులోంచి చుక్క కూడా పోయకూడదు."

ఆ మాట నాకూ తగిలింది. అప్పటిదాకా నేరమంతా కొసరుదే అనుకున్నాను. ఆ పిల్లకు సంబంధించిన గీత నా మీద లేనే లేదు. లేని గీత దగ్గర ఆగినందుకు నేను గర్వపడ్డాను.

దీపాలు పెట్టే వేళ దాకా వాళ్లు ఆ మంచం పక్కన కూర్చున్నారు. గుప్త వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరూ ఎవరినీ దెప్పలేదు. ఆ కుటుంబంలో అదొక వింత. చివరికి పిల్ల కదిలింది. కళ్లు తెరవకముందే దగ్గింది. గళ్లగళ్లమని, ముక్కు చీదుతూ, మంచం అదిరేలా దగ్గింది. పొద్దున ఏ దగ్గును ఆపాలని అంత హడావుడి చేశారో, ఆ దగ్గు విని అత్తాకోడళ్లిద్దరూ ఏడ్చారు.

వెళ్లేటప్పుడు డాక్టరు చెప్పింది కొంచెమే. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటింది కనక చెంచాడు తేనె. జలుబు దానంతటది పోతుంది. ఊపిరి వేగంగా తీసినా, డొక్కలు లోపలికి పీక్కుపోయినా, పాలు తాగకపోయినా వెంటనే రావాలి. మందు సీసాలు పిల్లకు అందని చోట ఉండాలి. ఇంత తక్కువ సరుకుతో ఇంత పెద్ద పని జరుగుతుందంటే ఏ మనిషి నమ్ముతాడు? ఆసుపత్రికి వెళ్లి సీసా లేకుండా తిరిగొస్తే మోసపోయామనుకుంటారు.

సీసాను ప్రసూన బీరువాలో పెట్టి తాళం వేసింది. నన్ను మాత్రం మాణిక్యాంబ తెచ్చి తక్కెడ పక్కన పెట్టుకుంది. 

కొన్నాళ్లకు పైడితల్లి అనే కూలి మనిషి చంకలో బిడ్డతో కొట్టుకొచ్చింది. ఇలాంటి కొట్లలో షాంపూ పొట్లాల పక్కన జలుబు బిళ్లల అట్టలు కూడా వేలాడుతుంటాయి.

"మామ్మగోరూ, జలుబు బిళ్లొకటియ్యండి. గుంటకి ఒకటే దగ్గు. సగం సేసి నూరి ఏసేత్తాను."

"పసిదానికి ఇవ్వను. డాక్టరు దగ్గరికి పో."

"ఏటి మామ్మగోరూ, మొన్నటిదాకా మీరే ఇచ్చీవోరు కాదేటి? ఇయ్యాల బేరం బరువైపోనాదా?"

"అయింది. పో."

పైడితల్లి మూతి తిప్పుకుని ఎదురుగా ఉన్న సన్యాసిరావు కొట్టుకు పోయింది. ఇక్కడ ఎవరికీ ఏదీ నేర్పలేమని నేను అనుకుంటూ ఉండగా మాణిక్యాంబ గద్దె దిగింది. ఎదుటి కొట్టు గడప తొక్కనని ఊరందరి ముందూ ఒట్టు పెట్టుకున్న మనిషి, రోడ్డు దాటి పైడితల్లి చేతిలోంచి బిళ్ల లాక్కుంది.

"నా బేరం మీద పడతావేంటి మామ్మా?" అని సన్యాసిరావు లేచాడు.

"పడతాను. బిడ్డ వయసెంతో అడిగావురా?"

"బిళ్ల అమ్ముకునేవాణ్ణి గానీ జాతకం రాసేవాణ్ణా?"

 ఆవిడ అప్పటికే బిడ్డ గుడ్డ తొలగించి రొమ్ము కేసి చూస్తోంది. ప్రతి ఊపిరికీ డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి.

"ఆటో పిలవండర్రా!" అని కేకేసింది.

"మామ్మగోరూ, మరి మీ కొట్టు?" అంది పైడితల్లి, అప్పటికి భయపడుతూ.

"దాన్నెవడు ఎత్తుకుపోతాడే? ఎక్కు ముందు."

గుప్త మండీకి పోయి ఉన్నాడు. ఆ పూట కొట్టులో నేనూ తక్కెడా తప్ప ఎవరూ లేరు. వచ్చినవాళ్లు వచ్చి, కాసేపు నిలబడి, సన్యాసిరావు దగ్గరికి పోయారు. వాడు మధ్యాహ్నమంతా జలుబు బిళ్లలు అమ్ముకున్నాడు, ఎవరినీ ఏమీ అడగకుండా. మనుషుల గురించి నా అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం వాళ్లెవరూ కల్పించలేదు. ఆటో ఎక్కిన ఆ ముసలావిడను మాత్రం తూచకుండా ప్రస్తుతానికి పక్కన పెట్టాను.