తిరగబడిన తునక

పెళ్లి సెలవు అయిపోయి ల్యాబ్‌కి తిరిగొచ్చిన ఆ జనవరి సోమవారం నాకు అన్నీ ముద్దొచ్చాయి. గడ్డకట్టిన సరస్సు, చేపల తొట్లు, ఆఖరికి ఆ తొట్ల వాసన కూడా. మా ఆయన ఏబెల్ నా డబ్బాలో తాజా చీజ్ ముక్కలు పెట్టి పంపాడు. తాజావైతే పంటి కింద కీచుమంటాయి. కీచుమన్నప్పుడల్లా నవ్వొస్తోంది. పక్క బల్ల దగ్గర పనిచేసే రమీరో కాసేపు ఓర్చుకున్నాడు.

"కొత్త పెళ్లికూతురా, 'మా ఆయన' అనే మాట లేకుండా ఒక్క వాక్యం చెప్పు. కాఫీ నేను ఇప్పిస్తా."

నా వల్ల కాలేదు. కాఫీ నేనే కొనుక్కున్నాను.

ఆ మధ్యాహ్నం మార్లిస్ హ్రుష్కా రావాల్సి ఉంది. ఊరికి ఉత్తరాన వాళ్లకు పాడి ఆవులున్నాయి. ఆమె కూతురు టెస్‌కి ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే రెండు చేతులకీ బొటనవేళ్లు లేవు. డాక్టర్లు ఆ పిల్ల రక్తంలోని డీఎన్ఏ అంతా చదివారు. బొటనవేలికి పని చెప్పే జన్యువులో ఒక్క అక్షరం కూడా చెడలేదు. కానీ ఆ జన్యువుకు చాలా దూరంగా, ఒకప్పుడు ఖాళీ జాగా అనుకున్న చోట, కొన్ని అక్షరాలు ఎగిరిపోయాయి. అవి తల్లిలో ఉన్నాయి, తండ్రిలో ఉన్నాయి, టెస్‌లో లేవు.

మార్లిస్ దగ్గర మాత్రం వేరే జవాబు ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆమె పాలు పితికే కొట్టం గోడలకు రంగు వేసింది. అందరూ వద్దన్నారు, వినలేదు. పోయిన సారి వచ్చినప్పుడు టెస్ చేపలు చూస్తుంటే, ఆమె నా పక్కన నిలబడి నేలకేసి చూస్తూ మాట్లాడింది.

"రంగు వల్ల కాదంటారు మీ డాక్టర్లు. మరి దేనివల్ల? అది మాత్రం ఎవరూ చెప్పరు. డబ్బా మూత తీసింది నేనే కదా."

ఆ 'దేనివల్ల' కోసమే మా ప్రయోగం. జెల్లీచేపలో పచ్చగా వెలిగే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువుకు టెస్ తల్లిదండ్రుల్లో ఉన్న మంచి తునకను కట్టి కొన్ని చేప గుడ్లలోకి ఎక్కించాం. టెస్‌లోని చెడిన తునకను కట్టి ఇంకొన్నింటిలోకి ఎక్కించాం. చేప రెక్కా మన చెయ్యీ ఒకే పాత పద్ధతిలో మొలుస్తాయి. ఆ తునక నిజంగా జన్యువును నడిపేదే అయితే, మంచిది ఉన్న చేపపిల్లల రెక్కలు వెలగాలి. చెడినది ఉన్నవాటి రెక్కలు వెలగకూడదు.

పదకొండింటికి రమీరో నన్ను పిలిచిన గొంతులో వెటకారం లేదు. తెర మీద తను గుడ్లలోకి ఎక్కించిన డీఎన్ఏ అక్షరాలు ఉన్నాయి. రెండు తునకలూ తిరగబడి ఉన్నాయి. మా బొమ్మల్లో ప్రతి జన్యువు మీదా ఒక బాణం గుర్తు ఉంటుంది. కొన్ని ఎడమ నుంచి కుడికి చదవాలి, కొన్ని కుడి నుంచి ఎడమకి. రమీరో పక్క జన్యువు బాణం చూసుకుని రెండు తునకల్నీ వెనక నుంచి ముందుకు అతికించాడు. ఇలాంటి తప్పు చేయడం మావాళ్లకే చెల్లింది. డీఎన్ఏకి ముందూ వెనకా ఉంటాయని బయట ఎవరికి తెలుసు?

మా ప్రొఫెసర్ ఇంగ్రిడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. జన్యువు మొదట్లో గుమ్మంలాంటి తునక ఒకటి ఉంటుంది. చదవడం అక్కడ మొదలవుతుంది కాబట్టి దాన్ని తిప్పితే పని ఆగిపోతుంది. దూరం నుంచి పనిచేసే స్విచ్‌లాంటి తునకలు వేరు. వాటిని ఎటు తిప్పినా వెలిగిస్తాయి. మాది గుమ్మమా, స్విచ్చా అన్నదే వీళ్లిద్దరికీ ఆకురాలే కాలం నుంచీ తగువు. గుమ్మమని రమీరో, స్విచ్ అని ఇంగ్రిడ్.

మార్లిస్‌ని రావద్దని చెబుదామా అని అడిగాడు రమీరో. ఆమె అప్పటికే దారిలో ఉంది. రానివ్వమంది ఇంగ్రిడ్. ఏమీ వెలగకపోతే వెలగలేదనే చెబుదామంది.

ఏ పళ్లెంలో ఏది ఉందో తెలియనివాళ్లే చూడాలన్నది మా పద్ధతి. అంటే నేను. ఒక పళ్లెం మీద ఎర్ర చుక్క, ఇంకోదాని మీద నీలం చుక్క. దీపం ఆర్పి మైక్రోస్కోప్‌లోకి వంగాను. నీలం చుక్కవి చూశాను. గాజులాంటి ఒళ్లు, చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది, రెక్కల్లో ఏమీ లేదు. ఎర్ర చుక్కవి చూశాను. తలకు రెండు పక్కలా గోరంత కూడా లేని రెక్కలు, వాటిలో లేత పచ్చ వెలుగు. ఎర్రవి వెలుగుతున్నాయని కేకేశాను.

ఎర్ర చుక్క మంచి తునకది. రమీరో అలాగే నేల మీద కూలబడ్డాడు.

"గుమ్మం కాదు బాబూ," అంది ఇంగ్రిడ్ మెల్లగా.

"ఓడిపోవడం ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో ఓడిపోయేవాణ్ణి."

మార్లిస్ వచ్చేసరికి అతను ఇంకా నేల మీదే ఉన్నాడు. టెస్ అతణ్ణి దాటుకుని వెళ్లి స్టూలెక్కింది. చూపుడువేలూ మధ్యవేలూ కలిపి మైక్రోస్కోప్ చక్రాన్ని మా అందరికంటే నాజూగ్గా తిప్పింది.

"వీటికీ బొటనవేళ్లు లేవుగా," అంది. "అయినా ఈదేస్తున్నాయి."

మార్లిస్‌కి రెండు పళ్లేలూ చూపించాను. మేం అద్దెకు దిగిన ఇంట్లో వంటింటి స్విచ్ నొక్కితే వీధి వరండాలో దీపం వెలుగుతుందని, టెస్‌లో దీపం బాగానే ఉందని, చెడింది ఆ దూరపు స్విచ్ అని చెప్పాను. ఆమె చాలాసేపు వంగే ఉంది.

"ఇది ఎప్పుడు చెడింది?" అని అడిగింది తలెత్తకుండానే.

ఇంగ్రిడ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "టెస్ మొదలైన రోజుకే. ఒంట్లో ప్రతి కణంలోనూ ఈ లోపం ఉందంటే, తను ఒక్క కణంగా ఉన్నప్పటి నుంచే ఉన్నట్టు. అప్పటికి మీకు కడుపని కూడా తెలీదు. ఇంకా మళ్లీ మళ్లీ చేసి చూస్తాం, సరైన దిక్కులో పెట్టి కూడా. కానీ మీరడిగింది 'దేనివల్ల' అని కదా. దీనివల్ల."

వచ్చి అంతసేపైనా విప్పని కోటు గుండీలు మార్లిస్ ఇప్పుడు ఒక్కొక్కటే విప్పుకుంది. తర్వాత రమీరో చెయ్యి పట్టుకుని లేపింది. ఎందుకో అతనికీ తెలియలేదు, థాంక్స్ అన్నాడు. నేనూ అన్నాను. ఆ తిరగబడిన తునకకీ, మినపగింజంతైనా లేని ఆ చేపపిల్లలకీ, ఇలాంటి రోజున నేను ఆ గదిలో ఉన్నందుకూ ఎవరికి చెప్పాలో తెలియక ఆమెకే చెప్పాను.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి ఇంట్లో ఉన్న భర్తకి ఫోన్ చేసింది.

"డ్వేన్, నేనే. ఆ, రోడ్డు బాగానే ఉంది. విను. నేను కాదట."

అవతల ఏమన్నాడో మాకు వినపడలేదు. ఆమె ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"వినపడలేదా? మళ్లీ చెప్తా. నేను కాదు."