చీకటి గని దాటిన పిల్ల

ఆ కంప్యూటర్ వాళ్ళింటికి అట్టపెట్టెలో రాలేదు, పాత దుప్పట్లో చుట్టుకుని వచ్చింది. నాన్న పనిచేసే మందుల గోదాములో కొత్తవి దిగడంతో పాతదాన్ని మూలన పడేస్తుంటే, "నేను ఇంటికి పట్టుకుపోతానండీ" అని అడిగి తెచ్చుకున్నాడు. నాన్న ఒక పక్క, అన్నయ్య ఒక పక్క పట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు రెండో అంతస్తుకి మోసుకొచ్చారు. అమ్మ తన కుట్టుమిషను కిటికీ దగ్గరికి జరిపి బల్ల ఖాళీ చేసింది. మీట నొక్కగానే అది గుర్రుమని మూలిగి, కాసేపు తనలో తనే ఏదో గొణుక్కుని, చివరికి నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగించింది.

"వచ్చింది! వచ్చింది!" అని అన్నయ్య గంతేశాడు.

"ఏం వచ్చిందిరా?" అంది వెనక మంచం మీద కూర్చున్న చెల్లెలు.

ఆ పిల్లకు పదకొండేళ్ళు. అందరూ సోడా అని పిలిచేవాళ్ళు. కళ్ళద్దాలు సీసా అడుగంత మందం కదా, సోడాబుడ్డి అని మొదట పేరు పెట్టింది అన్నయ్యే. తర్వాత అమ్మా నాన్నా కూడా ముద్దుగా అలాగే పిలవడంతో అందులోని ముల్లు అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. అంత మందం అద్దాలు పెట్టుకున్నా ఎదుటి మనిషి ఆకారం తెలిసేది గానీ ముఖం తెలిసేది కాదు. ఎవరు వచ్చిందీ మెట్ల మీద చెప్పుల చప్పుడును బట్టి చెప్పేది. కళ్ళ డాక్టరు, "తెరల ముందు కూర్చోనివ్వకండమ్మా, ఉన్న చూపు కాపాడుకోవాలి" అని గట్టిగా చెప్పాడు. అందుకే ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన రోజే అమ్మ కట్టడి చేసేసింది. అన్నయ్యకు బల్ల ముందు కుర్చీ, సోడాకు మంచం.

కంప్యూటర్‌తో పాటు ఒక ఆట కూడా వచ్చింది. దాని పేరేమిటో ఎవరికీ తెలియదు, పిల్లలు గని ఆట అనేవాళ్ళు. తలకు దీపం కట్టుకున్న చిన్న మనిషి ఒకడు గనిలోకి దిగుతాడు. మెరిసే రాళ్ళు ఏరుకుంటూ, గోతులు దూకుతూ, మీదికి దొర్లుకొచ్చే బండల్ని తప్పించుకుంటూ లోపలికి లోపలికి పోవాలి. మూడు ప్రాణాలు. మూడూ పోతే మళ్ళీ మొదటినుంచి.

బడి వదలగానే అన్నయ్య సంచి ఒక మూల విసిరి కుర్చీ ఎక్కేవాడు. పై అంతస్తు నుంచి వాడి స్నేహితుడు పొడుగు దిగొచ్చేవాడు. తొమ్మిదో తరగతికే గుమ్మంలో తల వంచాల్సి వచ్చేది కాబట్టి వాడికా పేరు. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ తెరకు అతుక్కుపోతే, వెనక మంచం మీద సోడా మోకాళ్ళు ముడుచుకుని వింటూ ఉండేది.

వినడానికి ఏముంది, ఒకటే బీప్ బీప్ అనుకునేవాళ్ళు మిగతావాళ్ళు. సోడాకు మాత్రం అందులో పది రకాలు వినిపించేవి. చిన్న మనిషి అడుగు టిక్ టిక్‌మంటుంది. గొయ్యి దగ్గర పడే కొద్దీ ఆ టిక్కు సన్నబడి, డబ్బా మీద గోటితో కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. బండ కదిలే ముందు లోగొంతుతో ఒక మూలుగు, ఆ తర్వాతే దొర్లుడు. నిచ్చెన దగ్గరికి వస్తే రెండు చుక్కలు రాలినట్టు టుప్ టుప్.

ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "గొయ్యి వస్తోంది, దూకరా."

అన్నయ్య దూకాడు. గొయ్యి దాటాక తల తిప్పాడు. "నువ్వు చూస్తున్నావా? అమ్మా! ఇది తెర వైపు చూస్తోంది!"

"చూడట్లేదు. కావాలంటే గోడవైపు తిరిగి కూర్చుంటా."

పొడుగు లేచి వచ్చి సోడా మొహాన్ని దిండుతో కప్పేశాడు. "ఇప్పుడు చెప్పు చూద్దాం."

దిండు లోపల్నుంచి మాటలు వచ్చాయి. "గొయ్యి... బండ, వెనక్కి పో... నిచ్చెన." అన్నయ్య చెప్పింది చెప్పినట్టు చేశాడు, అన్నీ దాటాడు. అయినా ఆ ఇద్దరికీ అది ఒక తమాషాగానే తోచింది. "నాకూ ఒక్కసారి ఇవ్వరా" అని సోడా అడిగితే, "నీకెందుకే, కనబడదు కదా, ఊరికే నా ప్రాణాలు పోగొడతావ్" అన్నాడు అన్నయ్య. వాడు మామూలుగా అన్న మాటే. సోడా మాత్రం ఆ సాయంత్రం అన్నం సగంలోనే వదిలేసి లేచింది.

అలా ఉండగా అన్నయ్య గని ఆటలో చివరి మెట్టుకు చేరాడు. అక్కడ చిన్న మనిషి గని అడుగున కాలు పెట్టగానే పైనుంచి నీళ్ళు పడి తలమీది దీపం ఆరిపోతుంది. తెరంతా కటిక నలుపు. మనిషీ కనబడడు, గొయ్యీ కనబడదు. నాలుగడుగులు వేసేలోపే ధబ్.

ఇక చూడండి వాళ్ళ అవస్థ. అన్నయ్య పడ్డాడు, పొడుగు పడ్డాడు. ఈ ఆటే ఉన్న ఇంకో ఇంట్లో పిల్లలూ అక్కడే పడుతున్నారని బళ్ళో తేలింది. డిస్కు చెడిపోయిందని ఒకడు, అసలా ఆటకు చివర లేదని ఇంకొకడు. అడుగులు లెక్కపెట్టుకుని దూకుదామని పొడుగు ఒక ఉపాయం వేశాడు గానీ, గోతులు ప్రతిసారీ చోటు మారుతున్నాయి. తల గోడకు కొట్టుకున్నా దారి దొరకలేదు.

"అందులో దారి ఉందిరా, వినబడుతోంది" అంది సోడా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్నయ్య, "సరే, నువ్వు చెబుతూ ఉండు, నేను నొక్కుతా" అన్నాడు. ప్రయత్నించారు. ఆమె "దూ" అనేసరికే గొయ్యి వచ్చేస్తోంది, "కు" అనేసరికి ధబ్. చీకట్లో అంతా ముందుకంటే వేగం. మాట ఆమె నోట్లోంచి వాడి చెవికి, చెవిలోంచి వేలికి చేరేలోపు చిన్న మనిషి పని అయిపోతోంది. నాలుగైదుసార్లు అలాగే పడ్డాక అన్నయ్య చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లాభం లేదు. నొక్కాల్సింది నువ్వే" అన్నాడు మెల్లగా.

అన్నాక ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. అక్కడ అమ్మ ఎవరిదో గౌనుకు అంచు కుడుతోంది.

"వీల్లేదు" అంది అమ్మ, మిషను ఆపకుండానే. "డాక్టరు గారు ఏం చెప్పారు? తెర చూడొద్దన్నారా లేదా?"

"చూడొద్దన్నారమ్మా" అంది సోడా. "అందుకే కళ్ళు మూసుకుని ఆడతాను."

మిషను ఆగింది. అమ్మ మెడలోని కొలత టేపుతోనే మొహం కప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "మీ నాన్న నోరే వచ్చింది నీకు. సరే, ఆదివారం. అద్దాలు తీసి నా చేతికివ్వాలి. ఒక్క కన్ను తెరిచినా వీపు పగులుతుంది."

ఆదివారం రావడానికి ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ సోడా, ఆపి ఉంచిన కంప్యూటర్ ముందు కూర్చుని మీటలు తడుముకుంది. కుడి బాణం ఎక్కడ, ఎడమ బాణం ఎక్కడ, దూకడానికి అడుగున ఉన్న పొడవాటి మీట ఎక్కడ. అన్నయ్య పక్కన నిలబడి నోటితోనే చప్పుళ్ళు చేసేవాడు. "టిక్ టిక్ టిక్ టింగ్!" ఆమె నొక్కేది. "ఊఁహూఁ, ఆలస్యం" అనేవాడు. గురువు గారి ధోరణి బాగానే ఒంటబట్టింది వాడికి.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు నిండిపోయింది. పొడుగు తన తమ్ముణ్ణి, ఆ తమ్ముడు తన బడి పిల్లల్ని వెంటేసుకొచ్చారు. నాన్న పేపరు మడిచి గుమ్మానికి ఆనుకున్నాడు. అన్నయ్య ఆడుకుంటూ చివరి మెట్టుదాకా తీసుకొచ్చాడు, మూడు ప్రాణాలతో చేరాలని ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాడు. తెర నల్లబడగానే ఆటను అక్కడికక్కడే నిలిపి ఉంచి కుర్చీలోంచి లేచాడు. సోడా అద్దాలు తీసి అమ్మకిచ్చి, కళ్ళు మూసుకుని, కుర్చీలో కూర్చుంది.

మొదటి ప్రాణం ముచ్చటగా మూడడుగులు కూడా వేయలేదు. వేళ్ళు చెమటపట్టి జారాయి. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. రెండోదానికి మూడు గోతులు దూకింది, బండ మూలుగు కూడా పట్టుకుంది, కానీ సరిగ్గా అప్పుడే వీధిలో లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ధబ్.

"కిటికీ మూయండి" అంది సోడా. నాన్న వెళ్ళి కిటికీ మూశాడు. "ఫ్యాను కూడా." ఫ్యాను ఆగింది. ఆ ఉక్కలో అంతమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఆఖరి ప్రాణం. టిక్ టిక్ టిక్, సన్నబడింది, దూకింది. మళ్ళీ టిక్ టిక్, వెంటవెంటనే రెండు గోతులు, రెండూ దూకింది. లోగొంతు మూలుగు. వెనక్కి రెండడుగులు వేసి ఆగింది. బండ గడగడలాడుతూ ముందునుంచి పోయింది, ఆ చప్పుడు కుడినుంచి ఎడమకు తన ఒళ్ళోంచే దొర్లిపోయినట్టనిపించింది ఆమెకు. టుప్ టుప్. నిచ్చెన ఎక్కింది. అప్పటికి తన గదీ, ఆ ఉక్కా, వెనకున్న జనమూ ఏవీ లేవు ఆమెకు. గని మొత్తం ఆమె కళ్ళ ముందు విప్పారి ఉంది. ఎక్కడ ఏముందో ఇంత స్పష్టంగా ఆమెకు వీధిలో కూడా ఎప్పుడూ తెలియలేదు. పరుగెత్తింది. అవును, అందరూ ఆచితూచి అడుగేసే చోట ఆ పిల్ల పరుగెత్తింది. గొయ్యి, గొయ్యి, బండ, గొయ్యి, నిచ్చెన.

అడుగుల చప్పుడు ఆగిపోయింది.

చచ్చానా అనుకుంది. ధబ్‌మనే చప్పుడేదీ రాలేదు. దానికి బదులు ఇంతవరకు ఎవరూ వినని ఒక రాగం ఆ ముసలి యంత్రంలోంచి మొదలైంది, జీరగొంతుతో, ఒక్కొక్క స్వరం పైకి పైకి ఎక్కుతూ.

ఇక ఇల్లు పైకి లేచిపోయింది. పొడుగు ఎగిరి ఫ్యాను రెక్కకు తల కొట్టుకున్నాడు. ఆపి ఉంది కాబట్టి బతికిపోయాడు. అన్నయ్య చెల్లెలి రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ, "సోడా! బయటికొచ్చాడే! కొండ మీదికి వచ్చాడు, సూర్యుడు లేస్తున్నాడు, పక్షులు ఎగురుతున్నాయి, వాడు టోపీ తీసి ఊపుతున్నాడే నీకు!" అని చెప్పుకుపోతున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వాడికే తెలియడం లేదు.

"అరవకండర్రా" అంది సోడా, ఇంకా కళ్ళు మూసుకునే. "పాట వినబడట్లేదు."

అందరూ గప్‌చిప్‌గా నిలబడ్డారు. రాగం అయిపోయేదాకా విన్నారు. నాన్న మరోసారి విందామన్నాడు గానీ, వినాలంటే గని మళ్ళీ దాటాలి. "దాటుతాను, ముందు మంచినీళ్ళివ్వండి" అంది సోడా.

ఆ సాయంత్రమే మళ్ళీ దాటింది. మర్నాటినుంచి బడి వదిలాక వాళ్ళ మెట్ల మీద చెప్పుల వరస కనబడేది. పిల్లలు వచ్చి నేల మీద కూర్చుని కళ్ళు మూసుకుని నేర్చుకునేవాళ్ళు. సోడా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, "నువ్వు చూస్తున్నావ్, దొంగా, కళ్ళు మూయి" అని గదమాయించేది. నెల తిరిగేసరికి పొడుగుతో సహా నలుగురు దాటారు. అందరిలోకీ ఆఖరున దాటింది అన్నయ్య.

ఆ సోడా ఇప్పుడు రేడియోలో శబ్దాల విభాగానికి పెద్ద. ఆమె సరే అననిదే ఏ నాటకమూ గాలిలోకి పోదు. పెద్దపెద్ద సభల్లో సన్మానాలు జరిగాయి, వాటి సంగతి అన్నయ్యకు అంతగా పట్టదు. ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికి వస్తే మాత్రం చెల్లెల్ని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి ఇలా అంటాడు.

"చీకటి గని దాటింది మా చెల్లేనండీ. మొదటిసారి, అందరికంటే ముందు."

వచ్చినవాళ్ళు ఏ గని, ఎక్కడి గని అని తెల్లమొహం వేస్తారు. "ఒక్క ప్రాణంతో" అని సోడా పక్కనుంచి అందిస్తుంది. ఇక అక్కడినుంచి కథ ఎత్తుకుంటాడు అన్నయ్య, టిక్ టిక్‌లతో సహా.