మునిగిన బండి అరుస్తుంది

నారాయణప్ప మోటారు నోట్లో చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. చుట్టూ పేటకు పేటే నీళ్ళలో నానుతున్నా, మోటారుకు మాత్రం మొదటి గుక్క ఎవరో ఒకరు తాగించాలి. లేకపోతే గాలి మింగి గుడగుడమంటుందే తప్ప చుక్క లాగదు. మూత బిగించి, తాడు చుట్టి గుంజాడు. రెండో గుంజుకు ఇంజను అందుకుంది. అప్పుడు వంగి, ర్యాంపు మీదుగా కిందికి దిగిన లావుపాటి పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపల నీళ్ళు కదిలిన అదురు చేతికి తెలిస్తే గానీ ఆయన లేవడు.

బెళ్ళందూరులోని ఆ అపార్టుమెంటు బేస్‌మెంటు పీకల్లోతు నీళ్ళలో ఉంది. తెల్లవారకముందే చెరువు పొంగి, కాలువ వెనక్కి తన్ని, నీళ్ళన్నీ ర్యాంపు మీద నుంచి లోపలికి దూకాయట. కరెంటు తీసేశారు. అయినా ఆ చీకట్లో దీపాలున్నాయి. మునిగిన కార్ల లైట్లు నల్లటి నీళ్ళ అడుగున మసక పసుపుగా వెలుగుతున్నాయి. ఒక కారు ఇండికేటరు ఎవరికో దారి చూపిస్తున్నట్టు కొట్టుకుంటోంది. ఇంకో కారు వైపరు నీళ్ళలో నీళ్ళనే తుడుస్తోంది. ఉండుండి ఎక్కడో మూల నుంచి ఒక హారన్ మోగి ఆగిపోతుంది. మొదటిసారి చూసినవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. నారాయణప్పకు ఇది ఏటా చూసేదే.

"మునిగిన బండి అరుస్తాది అప్పా. వైర్లలోకి నీళ్ళు పోయుంటాయి. చార్జి దిగితే అదే ఊరుకుంటాది" అని ప్రతి వానాకాలం ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాడు.

నిజానికి మనుషులు ఆయన్ని అడిగేది ఆ ఒక్క సంగతే. నారాయణప్ప నోట్లో నాలుక లేని మనిషి. కబ్బన్‌పేటలో నాన్న మగ్గం అమ్మేసినప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదు. పెళ్ళిపీటల మీద గోత్రం ఏమిటని పురోహితుడు అడిగితే, పక్కనున్న మేనమామ చెప్పేశాడు. బొమ్మసంద్రలో పంపుల ఫ్యాక్టరీ మూసేసిన రోజు, గేటు దగ్గర అందరూ అరుస్తుంటే ఈయన టిఫిన్ బాక్సు పట్టుకుని బస్సు కోసం నిలబడ్డాడు. ఇంట్లో ఏ కూర వండాలో భార్య సుశీల చెబుతుంది, ఏ చానెల్ పెట్టాలో కొడుకు చేతన్ చెబుతాడు. మోటార్లు అద్దెకిచ్చే కాంట్రాక్టరు దగ్గర చేరాక ఇంజను చప్పుడుకు కుడి చెవి సగం పోయింది. పోయినా పెద్ద నష్టం కనిపించలేదు. పొట్టి మనిషి, నూనె మరకల ఖాకీ చొక్కా, పాలిపోయిన అరికాళ్ళు. వాన వస్తే బతుకు, ఎండ వస్తే ఖాళీ.

పెట్రోలు పోయడానికి మోటారు ఆపాడు. ఆపిన వెంటనే లోపల హారన్ మోగింది.

"అన్నా, తెలుగేనా నువ్వు?"

వెనక్కి తిరిగి చూశాడు. నడుము దాకా తడిసిన ఆడమనిషి, చేతిలో చెప్పులు. వెనక వీధి రేకుల షెడ్ల నుంచి నీళ్ళలో నడిచి వచ్చింది. పేరు చాందిని, కదిరి దగ్గర ఊరు. భర్త మస్తాన్ ఈ అపార్టుమెంటులోనే ఒక మేడమ్ దగ్గర డ్రైవరు.

"తెల్లారకముందే మేడమ్ ఫోన్ చేసింది అన్నా, నీళ్ళొస్తాండాయి, కారు పైకి ఎక్కించమని. పోయినోడు రాలేదు. ఫోన్ మోగల్యా. ఈతా రాదు ఆయప్పకి."

లోపల కార్లను ఒకదాని నెత్తిన ఇంకొకటి నిలబెట్టే ఇనుప లిఫ్టులున్నాయి. అవి మలుపు అవతల మూలన ఉన్నాయి, ర్యాంపు మీద నుంచి కనబడవు. ఆ మేడమ్ కిరణ్మయి గేటు దగ్గరే ఉంది. అసోసియేషన్ సెక్రటరీ. మంత్రి వస్తున్నాడని పొద్దున్నుంచి కాలు నిలవకుండా తిరుగుతోంది.

"చూడమ్మా, వర్క్ అయిపోయిందని మార్నింగే నాకు మెసేజ్ పెట్టాడు. కార్ పైకి ఎక్కించేశాను మేడమ్ అని. సెక్యూరిటీ కూడా విజిల్ వేసి అందర్నీ బయటికి పంపేశారు. ఎక్కడో సేఫ్‌గా ఉంటాడు, టెన్షన్ పడకు" అంది. ఆ గొంతులో అబద్ధం లేదు. ఆమె నిజంగానే అలా అనుకుంటోంది.

హారన్ మళ్ళీ మోగింది. చాందిని ర్యాంపు వైపు చూసింది.

"అదేంది అన్నా?"

"ఏమీ లేదమ్మా. మునిగిన బండి అట్లే అరుస్తాది. చార్జి దిగితే ఊరుకుంటాది" అన్నాడు నారాయణప్ప, ఆమె భయం పోగొట్టాలనే. ఆమె తల ఊపింది. తెలుగులో చెప్పినందుకేమో, కాస్త నమ్మింది కూడా.

మోటారు మళ్ళీ అందుకుంది. హారన్ వినబడలేదు.

మంత్రిగారి కంటే ముందు ఆయన పడవ వచ్చింది. రబ్బరు పడవను లారీ మీద నుంచి దింపారు. పొద్దున్నుంచి రేకుల షెడ్ల దగ్గర పిల్లల్నీ ముసలివాళ్ళనూ దాటిస్తున్న పడవే అది. గేటు ముందు నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. అయినా మంత్రి అందులో నిలబడితే నలుగురు పోలీసులు తోశారు, ఆరేడు కెమెరాలు వెనక్కి నడిచాయి. దిగి మైకు అందుకోగానే కార్పొరేషన్ ఇంజనీరు చెయ్యి ఊపాడు. నారాయణప్ప మోటారు ఆపాడు.

ప్రభుత్వం మీ గడప ముందే నిలబడి ఉందన్నాడు మంత్రి. కాలువలు మింగినవాళ్ళను కక్కిస్తానన్నాడు. ఇదంతా పాత ప్రభుత్వం చేసిన పాపమన్నాడు. జనం మధ్య నుంచి చాందినిని ముందుకు లాగి బియ్యం సంచీ చేతిలో పెట్టించారు. ఫోటోకు నిలబడినప్పుడే ఆమె తన భర్త మాట చెప్పింది. మంత్రికి తెలుగు అర్థమైంది. "కంప్లైంట్ తీసుకోండి" అని పక్కకు చెప్పాడు. పక్కనున్నవాడు దాన్ని ఇంకో పక్కకు చెప్పాడు.

అప్పుడు హారన్ మోగింది. పొట్టిగా ఒకసారి. ఆగి మళ్ళీ ఒకసారి. మైకు కూడా ఊరుకుంది. అందరూ ఆ నల్లటి ర్యాంపు నోటి వైపు చూశారు.

"ఏనప్పా అదు?" అని, అదేమిటని మంత్రి కన్నడంలో అడిగాడు. అడిగింది ఇంజనీరును కాదు, మోటారు పక్కన నిలబడ్డ నారాయణప్పను. భుజం మీద చెయ్యి వేసి మరీ అడిగాడు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి.

ఆ రెండు హారన్ల మధ్య నారాయణప్పకు ఒక సంగతి తట్టింది. ఇందాక కూడా మోటారు ఆపగానే మోగింది. ఇప్పుడూ ఆపగానే మోగింది. మోటారు ఎప్పుడు ఆగిందో తీగలకెలా తెలుస్తుంది? పడవ ఎదురుగానే ఉంది. దాన్ని ఒకసారి లోపలికి పంపించండి స్వామీ, అంటే చాలు. చాందిని సంచీ పట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది.

సిగ్గుచేటైనా చెప్పాలి, ఆ క్షణాన ఆయనకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళ బతుకులో ఒక పెద్దమనిషి తనను అడిగాడు, జవాబు తన దగ్గర ఉంది. నాలుక తనకు తెలిసినదే పలికింది.

"షార్ట్ సర్క్యూట్ స్వామీ. మునిగిన బండి అరుస్తుంది. చార్జి దిగితే అదే నిలుస్తుంది" అన్నాడు కన్నడంలో, తడబడకుండా.

మంత్రి నవ్వి ఆ మాటనే మైకులో మళ్ళీ చెప్పాడు. జనం నవ్వారు. ఆ తరువాత హారన్ మోగినా ఎవరూ తల తిప్పలేదు. మంత్రి చెప్పిన తరువాత అది వట్టి చప్పుడు.

మోటారు నడుస్తుండగా ఫోటో కావాలన్నారు. నడిపితే పొగ మంత్రి ముఖం మీదికి కొట్టింది. ఇంజనీరు ఉరిమి చూశాడు.

"దాన్ని లోపలికి తోసెయ్యవయ్యా."

మోటారును బయటే పెట్టాలి, పైపునే లోపలికి పంపాలి. కాంట్రాక్టరు మొదటి రోజు చెప్పిన మాట అది. మూసిన చోట ఆ పొగ మనిషిని ప్రాణాలతో నిలవనివ్వదు. కానీ లోపల మనిషి ఎవరున్నాడు, పొగ తగలడానికి? అది తను ఇప్పుడే లోకమంతా వినేలా చెప్పాడు. ఇద్దరు కూలీలు సాయం పట్టారు. మోటారు ర్యాంపు దిగి నీళ్ళ అంచున నిలబడింది. పొగ నీళ్ళకూ కప్పుకూ మధ్య మెల్లగా లోపలికి పాకింది. బయట గాలి తేటపడింది, ఫోటోలు బాగా వచ్చాయి.

మంత్రి వెళ్ళిపోయాడు. పడవను ఇంకో మంత్రి వచ్చే చోటికి తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం దాటాక పెట్రోలు అయిపోయి మోటారు దానంతట అదే ఆగింది. నారాయణప్ప డబ్బా పట్టుకుని నిలబడ్డాడు, పోయలేదు. హారన్ కోసం చూశాడు. అది మోగాలని కోరుకున్నంతగా ఆయన ఇంకేదీ కోరుకోలేదు. కింద వైపరు ఆగిపోయి ఉంది. ఇండికేటరు ఒక్కటే కొట్టుకుంటోంది.

"ఆగిపోయింది అన్నా" అంది చాందిని, గేటు దగ్గర సంచీ మీద కూర్చుని.

"చార్జి దిగిందిలేమ్మా" అన్నాడు. మోటారును మాత్రం ఒక్కడే ఈడ్చుకుంటూ మళ్ళీ బయటికి తెచ్చి పెట్టాడు.

సాయంత్రానికి చెరువు కాస్త తగ్గి, నీళ్ళు నడుము లోతుకు దిగాయి. సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ చేసి రమ్మన్న ఫైరింజను ఇంకా రాలేదు. ఎప్పుడూ పైపును పంపడమే తప్ప తాను లోపలికి పోని నారాయణప్ప, ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని, టార్చి పట్టుకుని ర్యాంపు దిగాడు. "మస్తానప్పా" అని పిలిచాడు. ఆ పిలుపు గోడలకు తగిలి ఆయన దగ్గరికే వచ్చింది. మునిగిన కార్ల అద్దాల్లో టార్చి వెలుగు పడినచోటల్లా లోపల ఎవరో తల తిప్పినట్టుండేది. మలుపు తిరిగి, ఇనుప చట్రం పట్టుకుని పైకి ఎక్కాడు.

పై ప్లేటు మీద తెల్ల కారు. చుక్క నీరు అంటలేదు. మస్తాన్ స్టీరింగు మీద చెయ్యి ఉంచి, అద్దానికి తల ఆనించి ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఇప్పుడే నిద్రపోయినవాడిలా ఉంది. నారాయణప్ప తలుపు తెరిచాడు.

తెరవగానే లోపల దీపం వెలిగింది. మంచి వెలుగు. ఆయన ఆ దీపాన్ని చూస్తూ చాలాసేపు అక్కడే వేలాడుతూ ఉండిపోయాడు.

మనుషులొచ్చి మస్తాన్‌ను దించి, చేతుల మీద బయటికి తెచ్చారు. కిరణ్మయి ఫోన్ పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుంది. చాందిని ఏడవలేదు. భర్త చొక్కా పట్టి చూసింది, జుట్టు పట్టి చూసింది. తరువాత నారాయణప్ప వైపు తిరిగింది.

"చార్జి దిగిందంటివి కదన్నా."

ఆయన మోటారును, పైపును అక్కడే వదిలి, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తరువాత కాంట్రాక్టరు ఎన్నిసార్లు పిలిపించినా ఆయన పనికి రాలేదు.

పై ప్లేటు మీది కారు తలుపు వెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. డ్రైవరు సీటు మీద, మేడమ్ గారి తోలు సీటుకు తన తడి అంటకూడదని మస్తాన్ పరుచుకున్న పేపరు, కూర్చున్న మేర తడిసి, ఆరి, ముడతలు పడి, అలాగే ఉంది.