నీళ్లలోకి వద్దు

ఉతికే బట్టలు మిషన్లో వేసేముందు ఆయన జేబులు వెతకడం నా పని. ఆ పొద్దున చొక్కా జేబులో నేనే రాసిన చీటీ దొరికింది, "నీళ్లలోకి వద్దు" అని. పరాయి ఆడదాని ఫోటో దొరికినా అంత ఉలిక్కిపడేదాన్ని కాదు. అది షోకేసులోని రెండు గొట్టాల రెగ్యులేటరుకి దారంతో కట్టిన చీటీ. నీళ్లలో దిగేవాళ్లు నోట్లో పెట్టుకుని గాలి పీల్చే సాధనమది, అరవై ఏళ్లనాటిది. దాని చీటీ విప్పి ఈయన జేబులో ఎందుకు వేసుకున్నట్టు?

మా ఆయన రాఘవేంద్ర సినిమాలకి పాత సామాను అద్దెకిస్తారు. డైవింగు సామాను మాత్రం గడప దాటనివ్వరు, అది ఆయన ప్రాణం. శ్రీనగర్ కాలనీలో మా హాలు నిండా ఇత్తడి హెల్మెట్టు, కోడిగుడ్డు ఆకారపు కళ్లద్దాలు, సీసపు బరువులు కట్టిన బెల్టులు. ఆదివారాలు వచ్చినవాళ్లకి ఒక్కొక్కదాని చరిత్రా ఊరిస్తూ చెబుతారు. చిలుము పట్టిన వాల్వుల్ని వెనిగర్ నీళ్లలో నానబెట్టేది నేను. పాత టూత్‌బ్రష్‌తో తోమేది, రబ్బరు అంటుకోకుండా పౌడరు రాసేది, విప్పి మళ్లీ బిగించేది నేను. పదిహేనేళ్లుగా అదే పని కదా, ఏది గాలినిస్తుందో ఏది ఇవ్వదో చప్పుడు విని చెప్పగలను. "మా ఆవిడ దుమ్ము దులుపుతుందండీ" అంటారు ఆయన. "ఉద్యోగం సద్యోగం లేనిది, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా" అంటారు మా అత్తగారు కౌసల్యమ్మ. ఒళ్లు మండేది. కానీ ఆ పనంటే నాకు ఇష్టం, అందుకే నోరెత్తేదాన్ని కాదు.

మూడు రోజులుగా ఆయన వరస నాకు నచ్చడం లేదు. నా చేపల పులుసు బావుందన్నారు. తిన్న కంచం సింకులో వేశారు. అతివినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా? "ఆ రెగ్యులేటరు గొట్టాలకి కాస్త నల్ల బూట్ పాలిష్ పట్టించవోయ్, ఫోటోలు తీస్తారు" అన్నారు. వంచితే వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించే గొట్టాలవి. పాలిష్ పడితే రబ్బరు ఇంకా చెడుతుందని తెలుసు. షోకేసులో ఉండేదే కదా అని పట్టించాను. కొత్తవాటిలా మెరిశాయి. ఆయన మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా, సిగ్గులేకుండా.

షోకేసు చూస్తే ఖాళీ. ఫోన్ చేశాను.

"చీటీ ఎందుకు తీశారు?"

"ఫ్రేములో కనబడుతుందని."

"ఫ్రేము నీళ్లలోనా, పైనా?"

"షాటు మధ్యలో ఏంటా ప్రశ్నలు? మధ్యాహ్నం భోజనానికి వస్తాలే" అని పెట్టేశారు. అడగనిదానికి జవాబు చెప్పారంటే అడిగినదానికి చెప్పలేకే.

పోయిన వారం ఏవో ఫోటోల కోసమని కళ్లద్దాలు కొలత చూసుకోవడానికి యూసుఫ్‌గూడ నుంచి మనోజ వచ్చింది. హీరోయిన్‌కి డూప్. ఆ పిల్లకి ఫోన్ చేసి అదే అడిగాను.

"నీళ్లల్లనే అక్కా, ఫిల్మ్ నగర్ కొండ మీద బంగ్లా స్విమ్మింగ్ పూల్ల. పదిహేను అడుగుల లోతున్నది. ఫికర్ లేదక్కా, సార్ తానే దిగి చూసిండంట కదా."

మా ఆయనకి ఈత రాదు. బీచికి వెళ్తే మోకాళ్లు దాటి నీళ్లలో దిగని మనిషి.

"మనోజా, అది నోట్లో పెట్టుకోవద్దు. గాలితోపాటు నీళ్లొస్తాయి."

"ఇప్పుడు వద్దంటే మళ్ల నన్ను పిలవరక్కా."

"నువ్వనొద్దు. నేను వచ్చేదాకా కళ్లద్దాల పట్టీ తెగిందనో ఏదో ఒకటి చెప్పి ఆపు."

ఆటో ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కుతుంటే దారంతా ఆయన వైపు నుంచే ఆలోచించాను. పరువు పోతుందేమో. నాదే తప్పేమో, ఇంట్లో మాట్లాడుకోవాల్సిందేమో. ఎంత అలవాటు నాకు, ఆయన బదులు భయపడటం.

పూల్ పక్కన యూనిట్ అంతా నిలబడి ఉంది. మనోజ నల్ల సూటులో గట్టు మీద కూర్చుని ఉంది. ఆయన నన్ను చూసి నవ్వు పులుముకున్నారు. "మా ఆవిడండీ మాస్టర్, సామాను దుమ్ము దులుపుతుంది, చూడ్డానికి వచ్చింది."

ఫైట్ మాస్టర్ చేతిలోంచి రెగ్యులేటర్ తీసుకున్నాను. గొట్టాన్ని రెండు చేతులా పట్టి వంచాను. నలుపు నా వేళ్లకంటింది, దాని కింద పగుళ్లు నోళ్లు తెరిచాయి. మాస్టర్ ముఖం మారిపోయింది. మనోజ లేచి గట్టుకి దూరంగా జరిగింది.

"పాలిష్ ఎవరు పూశారండీ దీనికి?" అన్నాడు మాస్టర్.

ఆయన నా వైపు చూశారు. కాపాడతాననే నమ్మకం ఆ చూపులో అలాగే ఉంది.

"నేనేనండీ. ఆయన పుయ్యమన్నారు, పూశాను. ఇంక పుయ్యను."