గోడ అవతలి మాట

రాజనర్సు, సాయవ్వ భార్యాభర్తలు. ఇద్దరూ దోహాలోనే ఉన్నారు. అయినా నాలుగేళ్ళుగా వాళ్ళ కాపురం రోజుకు పది నిమిషాలే. అతను అబూ హమూర్ మార్కెట్ నుంచి కూరగాయల వ్యాను నడిపేవాడు. ఆమె నగరం నడిబొడ్డున ఒక ఇంట్లో వంటపని చేసేది. ఆ ఇంటి ఎదుటి కొట్టులో అతను రోజూ పొద్దున ఎనిమిదింటికి టమాటా పెట్టెలు దించేవాడు. అదే వేళకు ఆమె రొట్టెలు కొనడానికి వచ్చేది. జగిత్యాల హాస్టల్లో చదువుతున్న కూతురి గురించి నాలుగు మాటలు. హారన్ల మోతలో అందులో సగం వినబడేవి కావు.

ఆ ఏడాది నడిబొడ్డులోకి వచ్చే బండ్లకు పగటిపూట రుసుము పెట్టారు. దారుల మొదట్లో కెమెరా స్తంభాలు లేచాయి. వారం తిరక్కుండానే, వ్యాన్ల పని చూసే, బోధన్ నుంచి వచ్చిన ఫరీదుద్దీన్ రాజనర్సును పిలిచాడు.

"నర్సన్నా, రేపటి సంది నీకు పట్నం అవతల అల్ ఖోర్ లైన్. లోపలికి ఒక్కటే పెద్ద లారీ, తెల్లారక ముందే పోయొస్తది. మాలిక్ ఫైసలా, నా చేతుల లేదు."

"ఆ రుసుము ఫులూస్ నేనే కట్టుకుంట భాయ్. నా లైన్ నాకుండనియ్యి."

ఫరీదుద్దీన్‌కు ఆ పది నిమిషాల సంగతి తెలుసు.

"నువ్వు కట్టినా అక్కడ దించే సామానే లేదు గదా అన్నా. ఖాళీ బండిని ఏమని పంపాలె?"

సాయవ్వకు చెప్పే వీలు కూడా లేకపోయింది. ఆమె పాత మీటల ఫోన్ యజమానురాలి దగ్గరే ఉండేది. శుక్రవారం సాయంత్రం కాసేపు చేతికిచ్చేవారు. ఆ రోజు అతనికి సెలవే గానీ, పొద్దుటి నుంచే ఇంటి నిండా చుట్టాలు దిగడంతో ఆమెకు గేటు దాటే వీలుండేది కాదు.

"మూడు దినాలు రొట్టెలు పట్టుకొని నిలబడ్డ," అంది ఆ శుక్రవారం. "పానం బాగలేదేమో అనుకున్న."

"లైన్ మారింది. అల్ ఖోర్ పడ్డది."

"మల్ల ఎప్పుడు మారుతది?"



నెలన్నర గడిచింది. ఫోన్లో గొంతు వినిపించేది. కానీ పిండి అంటిన ఆమె మణికట్టు, నవ్వితే బయటపడే వంకర పన్ను అందులో కనిపించవు. అల్ ఖోర్ రోడ్డు మీద ఎనిమిదయిందంటే అతని చూపు ఎడారి మీదికి పోయేది.

ఒక గురువారం సరుకు తొందరగా దిగింది. తిరుగుదారిలో వ్యాన్‌ను కెమెరా స్తంభానికి ఇవతలే ఆపి లోపలికి నడిచాడు. అరగంట నడక. తీరా చేరాక, అది ఆ గల్లీయేనా అనిపించింది. బండ్లు లేవు. కొట్టతను బయట కుర్చీలు వేశాడు. ఎక్కడో పిట్టలు అరుస్తున్నాయి.

ఆ నిశ్శబ్దంలో, ఎత్తయిన గోడ అవతల నుంచి సాయవ్వ గొంతు వినిపించింది. "కులీ, హబీబ్తీ, కులీ," అని అరబ్బీలో బుజ్జగిస్తూ యజమానుల పాపకు అన్నం తినిపిస్తోంది. పేరు పెట్టి పిలిస్తే ఆమెకు వినబడుతుంది. ఇంటివాళ్ళకూ వినబడుతుంది. ఆమె పనికే ఎసరు.

అతను ఫోన్ తీసి, ఎవరికీ కలపకుండానే చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ, నేనే. అల్ ఖోర్ నుంచి వస్తున్న," అన్నాడు గట్టిగా.

గోడ అవతల మాట ఆగిపోయింది. కాసేపటికి ఆమె పాపతో తెలుగులో మొదలుపెట్టింది. ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళు లేరు.

"ఏం బిడ్డా, మంచిగ తింటున్నవా? బక్కగయినవా?"

"తింటున్న. పప్పు నీ తీరుగ అయితలేదు," అన్నాడు ఫోన్‌లోకి.

"చింతపండు ముందుగాలనే ఎయ్యొద్దు. ఉడికినంక ఎయ్యాలె." "ఒక్కసారి కండ్లతోని చూస్తే ఎంత మంచిగుండు బిడ్డా."

"గేటు కాడికి రారాదూ?"

"మేడం వరండల కూసున్నది."

పాపకు ఇదేదో కొత్త ఆటలా ఉంది. "బిద్దా, బిద్దా," అని నవ్వింది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. చెప్పుల చప్పుడు దూరమైంది. అతను చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకొని ఇంకాసేపు నిలబడ్డాడు.

ఆ తరువాత గురువారాల్లో, తొందరగా బయటపడాలని అల్ ఖోర్‌లో పెట్టెలన్నీ తానే మోసేవాడు. కొన్నిసార్లు ఆమె గొంతు దొరికేది. కొన్నిసార్లు పిట్టల అరుపులే. ఊరికి పోను లీవు దొరికి ఇద్దరూ విమానాశ్రయంలో కలుసుకునేదాకా, పదకొండు నెలలు, అతను ఆమె ముఖం చూడలేదు.