తూటాల పెట్టెలో పావురాలు

నేను ఒక పెట్టెను అనగానే మీకు పట్టుచీరలూ పెళ్లిసారే గుర్తొస్తాయి. అంత భాగ్యం నాకెక్కడిది? నేను తూటాల పెట్టెను. దేవదారు చెక్కతో చేసి, మూలలకు ఇనుప పట్టీలు కొట్టి, ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూశారు. లోపల ఏముందో పక్కన నల్లటి అక్షరాలతో రాశారు. చదువురాని సిపాయికి కూడా తెలియాలని ఆ రాత కింద ఒక తూటా బొమ్మ కూడా వేశారు.

రెండో ప్రపంచ యుద్ధంలో నన్ను ఓడెక్కించి ఎడారికి పంపారు. మతపెద్దలతో నాకు మొదటి పరిచయం అక్కడే. దాడికి బయలుదేరే రోజు పొద్దున్నే తెల్లదొర పాదిరీ వచ్చాడు. మా వరసల ముందు నిలబడి కళ్లు మూసుకుని, ఈ ఆయుధాలను దీవించమని ప్రభువును వేడుకున్నాడు. ఆయన వెళ్లగానే పటాలం మౌల్వీ వచ్చి చేతులు చాచి, మన గురి తప్పకూడదని దువా చేశాడు. ఇద్దరి గొంతుల్లోనూ ఉన్న భక్తి చూసి నేను నమ్మేశాను. ఇసుకదిబ్బలకు అవతల ఇటలీ సైన్యంలోనూ ఒక పాదిరీ ఉన్నాడని, ఆయనా అదే ప్రభువును అదే కోరాడని తర్వాత తెలిసింది. ఆ సైన్యంలో లిబియా నుంచి వచ్చిన ముస్లిం సిపాయిలూ ఉన్నారట. వాళ్లూ అదే కాబా వైపు తిరిగి అదే అడిగారట.

సాయంత్రానికి నా కడుపు ఖాళీ అయింది. రెండు వైపులా గోతులు తవ్వారు. పొద్దున తూటాలను దీవించిన నోళ్లే ఆ గోతుల పక్కన నిలబడి చచ్చినవాళ్లకు శాంతి కలగాలన్నాయి. మనుషులంటే నాకు అసహ్యం పుట్టింది ఆ రోజే. ఇప్పటికీ అది తగ్గలేదు.

ఖాళీ పెట్టెను పారెయ్యడం ఎందుకని లాల్ అహమ్మద్ అనే పల్నాటి సిపాయి తన బట్టలూ బూట్లూ నాలో సర్దుకుని సొంత ఊరికి తెచ్చాడు. బతికినన్నాళ్లూ ఆయన యుద్ధం గురించి ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. యుద్ధం మీద ఉపన్యాసాలు దంచాలంటే దాన్ని చూసి ఉండకూడదు. ఆయన పోయాక ఇంట్లో ఆడవాళ్లు నాలో ఉల్లిపాయలు పోసుకున్నారు. నా జన్మలో కాస్త మర్యాదగా గడిచింది ఆ కాలమే. ఉల్లిపాయలు కూడా మనుషుల్ని ఏడిపిస్తాయి గానీ, ఏడిపించమని వాటి ముందు ఎవరూ ప్రార్థనలు చేయరు.

ఆ తర్వాత నేను జాన్‌బీ చేతికొచ్చాను. లాల్ అహమ్మద్ మనవడి భార్య ఆమె. మొగుడు పోయాడు. మిద్దె మీద తెల్ల పావురాలు పెంచుకుంటుంది. వాటిని అటూ ఇటూ తీసుకెళ్లడానికి నా పక్కలకు కిటికీలు కోయించి జాలీ కొట్టించింది. ఊళ్లో ఏ సభ జరిగినా శాంతికి గుర్తుగా పావురాలు ఎగరెయ్యాలి కదా, కబురు ఆమెకే వస్తుంది. శాంతి ఆకాశంలోకి వెళ్లిపోయిందని జనం చప్పట్లు కొడుతుంటారు. ఆ ఎగిరిన పావురం ఈలోగా జాన్‌బీ మిద్దె మీద వాలి జొన్నలు తింటూ ఉంటుంది.

పోయిన వేసవిలో మా ఊళ్లో చర్చి మైకుకూ మసీదు మైకుకూ పడలేదు. మైకులు రెండూ క్షేమంగానే ఉన్నాయి, పగిలినవి మనుషుల తలకాయలు. సీఐ గారు రెండు పక్షాలనూ స్టేషనుకు పిలిచి, గట్టిగా చీవాట్లు పెట్టి, శాంతి సంఘం ఒకటి వేయించి సభ జరపమన్నారు. చర్చి తరఫున పాస్టర్ గమలియేలు గారు, మసీదు తరఫున మౌల్వీ ఖుద్దూస్ సాహెబ్ మాట్లాడాలి. తర్వాత చెరొక పావురాన్ని ఎగరెయ్యాలి.

పావురాల కోసం వచ్చిన కానిస్టేబులుతో జాన్‌బీ మొరపెట్టుకుంది. "మిగతావన్నీ ఈకలు రాలుస్తున్నాయి బాబూ, ఎగరలేవు. ఉన్నది ఈ జంటే. గూట్లో వీటికి పిల్లలున్నాయి, ఇంకా కళ్లు కూడా తెరవలా. తల్లీ తండ్రీ ఇద్దరూ నోట్లో పెడితేనే బతుకుతాయి. ఎండెక్కకముందే వదిలేయండి, మీకు పుణ్యముంటది."

"సభ మొదలవగానే ఎగరేసేస్తారమ్మా, అరగంట పని," అన్నాడతను. సీఐ గారి మాట కాదనే ధైర్యం లేక జాన్‌బీ ఆ జంటను నాలో పెట్టి, తనూ వెనకాలే నడిచి వచ్చింది.

నన్ను వేదిక మీద పెట్టగానే పెద్దలిద్దరి కళ్లూ నా మీద రాతల మీద పడ్డాయి. ఆకుపచ్చ రంగు వెలిసింది గానీ తూటా బొమ్మ చెక్కు చెదరలేదు. శాంతి సభలో తూటాల పెట్టె ఉంటే పేపరువాళ్లు ఊరుకుంటారా? ఆ ఏడాదంతటికీ వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే. తెల్ల సాటిన్ గుడ్డ చుడదామన్నది మౌల్వీ సాహెబ్. ఎక్కడా ముడత కనపడకుండా బిగించమన్నది పాస్టరు గారు. చర్చి కుర్రాళ్లు గుడ్డ లాగి పట్టుకున్నారు, మసీదు కుర్రాళ్లు మేకులు కొట్టారు. సర్వమత సామరస్యంతో నా కిటికీలన్నీ మూసేశారు.

ఇక ఉపన్యాసాలు మొదలయ్యాయి. పాస్టరు గారు తన గ్రంథంలో క్షమను గురించి ఉన్న వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పి, మౌల్వీ సాహెబ్ గ్రంథంలోని యుద్ధం మాటలు కూడా అంతే గడగడా చదివారు. మౌల్వీ సాహెబ్ లేచి తన గ్రంథంలోని దయ అంతా వినిపించి, పాస్టరు గారి గ్రంథంలోని నరకడాలూ తగలబెట్టడాలూ వరసగా ఏకరువు పెట్టారు. ఎదుటివాడి గ్రంథంలో కత్తి ఎక్కడుందో ఇద్దరికీ కంఠతా వచ్చు. సొంత గ్రంథంలోని కఠినమైన మాటనైతే ఆ కాలాన్ని బట్టి అర్థం చేసుకోవాలట. ఎదుటివాడిదైతే రాసింది రాసినట్టే తీసుకోవాలట. శిలువ యుద్ధాల సంగతి ఒకాయన ఎత్తితే, దండయాత్రల సంగతి ఇంకొకాయన ఎత్తారు. మావాళ్లు తప్పక కత్తి పట్టారు, మీవాళ్లు మోజుపడి పట్టారు అని ఇద్దరి వాదనా. ఎడారిలో విన్న గొంతులే ఇవి, కాకపోతే మైకు మంచిది.

నా లోపల గాలి వేడెక్కిపోయింది. పావురాలు కాసేపు రెక్కలు కొట్టుకున్నాయి. తర్వాత నోళ్లు తెరిచి ఒగర్చాయి. ఆడపిట్ట నా పలకకు ఒళ్లు ఆనించి కూలబడిపోయింది. దాని గుండె కొట్టుకోవడం నా చెక్కకు తెలుస్తూనే ఉంది. చెబుదామంటే వినేవాడేడీ!

వెనక వరసలోంచి జాన్‌బీ లేచింది. "అయ్యా, ఆ గుడ్డ తీసెయ్యండయ్యా. పిట్టలకి ఊపిరాడదు."

"కూర్చోమ్మా, శాంతంగా ఉండు. పెద్దలు మాట్లాడుతున్నారు," అన్నాడు ఒక కార్యకర్త. జవాబుకు జవాబు చెప్పడానికి పాస్టరు గారు మళ్లీ మైకు అందుకున్నారు. ఆయన చెప్పాక మౌల్వీ సాహెబ్ ఊరుకుంటారా? సీఐ గారు ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. జాన్‌బీ మళ్లీ లేచింది, మళ్లీ కూర్చోబెట్టారు.

చివరికి సాటిన్ కోసి నా మూత తీశారు. మౌల్వీ సాహెబ్ చేతికి మగపిట్ట వచ్చింది. పైకి విసిరితే అది పందిరి అంచు మీద పడి, కాసేపు రొప్పి, ఎలాగో ఎగిరిపోయింది. పాస్టరు గారి చేతికి వచ్చిన ఆడపిట్ట మెడ వాలిపోయింది. అప్పటికే అది చచ్చిపోయింది. ఆయన బిత్తరపోయి చూస్తుండగా ఫొటోగ్రాఫరు కింది నుంచి, "రెక్కలు కొంచెం విప్పి పైకి పట్టుకోండి సార్," అన్నాడు. పాస్టరు గారు పట్టుకున్నారు. మౌల్వీ సాహెబ్ పక్కకు జరిగి నవ్వారు. ఫొటో దిగింది.

ఫొటో అయ్యాక గుడ్డ ఆలోచన ఎవరిది, బిగించమన్నదెవరు అని ఇద్దరూ మొదలుపెట్టారు. జాన్‌బీ వేదిక ఎక్కి పాస్టరు గారి చేతిలోంచి పిట్టను తీసుకుంది. ఆమె గొంతు పెంచలేదు.

"సారూ, ఈ పూట కూడా మీరిద్దరూ తన్నుకునుంటే బాగుండేది. నా పిట్టలు తీసుకుని ఇంటికి ఎల్లిపోయేదాన్ని."

నా వాళ్లెవరైనా ఉన్నారంటే జాన్‌బీ ఒక్కతే. పిట్టను కొంగులో చుట్టుకుని దిగిపోయింది. పెట్టె తీసుకెళ్లమ్మా అని కానిస్టేబులు పిలిచినా నా వైపు తిరిగి చూడలేదు. నన్నామె వదిలేసినందుకు బాధపడ్డాను, కానీ తప్పని అనలేను. ఆ పిట్టకు నేనే చెర అయ్యాను.

మున్సిపాలిటీ హాలు వెనక విరిగిన కుర్చీల మధ్య ఇప్పుడు పడి ఉన్నాను. నా మేకులకు సాటిన్ పీలికలు ఇంకా వేలాడుతున్నాయి. గూట్లోని ఆ కళ్లు తెరవని పిల్లలకు తండ్రి ఒక్కడే కడుపు నింపగలిగాడో లేదో నాకు తెలియదు. ఎవరి మాటల్లోనైనా వినపడుతుందేమోనని చెవులు రిక్కించి ఉంటాను. ఇటు వచ్చేవాళ్లంతా ఈ ఏటి శాంతి సభ గురించే మాట్లాడుకుంటున్నారు.